నాలుగో బెడ్ దగ్గర పది నిమిషాలు

నేను ప్రాక్టికల్స్ తప్పిన రోజున ఎగ్జామినర్లు తిన్న హల్వా నేను తెచ్చిందే. మాది చోడవరం. హల్వాకి పేరుపడ్డ మాడుగుల మాకు పక్కనే కాబట్టి, వైజాగ్ పెద్దాసుపత్రిలో మా డిపార్ట్‌మెంట్‌లో ఎవరి పరీక్ష జరిగినా హల్వా తెచ్చే బాధ్యత నాది. ఆ ఏడు పరీక్ష నాదే అయినా బాధ్యత మారలేదు. వేరే రాష్ట్రాల నుంచి ఇద్దరు ఎగ్జామినర్లు వచ్చారు. వాళ్ళకి గది, కారు, సింహాచలం దర్శనం, సాయంత్రం బీచ్ దగ్గర చేపల భోజనం, అన్నీ పరీక్షకి కూర్చోబోయే మేము ముగ్గురమే చూసుకున్నాం. మగపెళ్ళివారికి కూడా ఎవరూ అంత మర్యాద చెయ్యరు. దీనికి మా ప్రొఫెసర్లు పెట్టుకున్న పేరు ఆతిథ్యం.

నా చదువు ఐసీయూ వైద్యంలో. ఎంబీబీఎస్ అయ్యాక, మత్తు వైద్యం అయ్యాక, అదీ చాలనట్టు ఇంకో మూడేళ్ళు చదివే చదువు. రాత పరీక్ష గట్టెక్కితే ప్రాక్టికల్స్ ఉంటాయి. నిజమైన ఐసీయూలో, నిజంగా ప్రాణం మీదికొచ్చిన మనిషి మంచం పక్కన నిలబెట్టి, పది నిమిషాల్లో చూసి జబ్బేమిటో చెప్పమంటారు. ఆ తర్వాత బల్లల దగ్గరికి తోలుతారు. ఒక బల్ల మీద ఎక్స్‌రేలు, ఒక బల్ల మీద ఈసీజీలు, ఇంకో బల్ల మీద గొంతులోకి వేసే గొట్టాలు. వేసి వేసి చేతులు కాయలు కాసిన మమ్మల్ని, ఆ గొట్టం ఎత్తి చూపించి ఇదేమిటని అడుగుతారు. గొట్టం సర్ అని చెప్పాలి. అందులోనూ వినయం కనబడాలి.

ఈ పరీక్షల్లో ఒక ఆచారం ఉంది. బయటివాళ్ళకి తెలియదు, లోపలివాళ్ళు తప్పనుకోరు. పరీక్ష రోజు పొద్దున్నే జూనియర్లు ఐసీయూలో తిరిగి ఏ బెడ్ మీద ఏ కేసు పెట్టారో కనుక్కుని సీనియర్ల ఫోన్లకి పంపిస్తారు. దాన్ని లీకు అనే అంటాం, సిగ్గు పడకుండా. రేపు వాళ్ళ పరీక్షప్పుడు వాళ్ళ జూనియర్లు వాళ్ళకి పంపిస్తారు. ఎగ్జామినర్లు కూడా ఒకప్పుడు ఇలా గట్టెక్కినవాళ్ళే. ఇక మంచం దగ్గర మేం చేసేదంతా నాటకం. జబ్బు తెలియనట్టు మొహం పెట్టాలి, అక్కడా ఇక్కడా తట్టాలి, కాసేపు ఆలోచించినట్టు తల వంచాలి, అప్పుడే తట్టినట్టు జబ్బు పేరు చెప్పాలి. ఇంత పెద్ద చదువులో అసలు పరీక్ష నటనకే.

నాకు వచ్చిన మెసేజ్ ఇది: నాలుగో బెడ్, ఆడమనిషి, పురుగుమందు కేసు, కంటిపాపలు సూదిమొనంత. పురుగుమందు ఒంట్లోకి పోతే కంటిపాపలు అలా ముడుచుకుపోతాయి. మా చోడవరం చుట్టుపక్కల చెరుకు, వరి పండించే ఊళ్ళ నుంచి వచ్చే కేసుల్ని చూసీ చూసీ ఆ జబ్బు నాకు కంఠతా వచ్చు. లడ్డూలాంటి కేసు దొరికిందని సంబరపడ్డాను. అవును, సంబరమే. ఆ మాట ఇప్పుడు దాచుకుని లాభం లేదు.

అయితే ఎనిమిది గంటలకి నాలుగో బెడ్ మీదామెకి బీపీ పడిపోయింది. డ్యూటీ డాక్టరు ఆమెను నర్సుల టేబుల్‌కి ఎదురుగా ఉన్న మంచానికి మార్పించి, ఆ మంచం మీద ఉన్న ఇంకో ఆడమనిషిని నాలుగో బెడ్‌కి తెప్పించాడు. ఎగ్జామినర్లు ఏమీ మార్చుకోలేదు, నాలుగో బెడ్‌నే కేసుగా ఉంచారు. ఈ సంగతి జూనియర్లకి తెలియలేదు. నాకూ తెలియలేదు.

నేను వెళ్ళి నిలబడగానే పెద్ద ఎగ్జామినరు నవ్వి, "హల్వా తెచ్చింది మీరేనా? బాగుంది," అన్నాడు. నేను కూడా నవ్వాను. మంచం మీద ఆడమనిషి వెంటిలేటర్‌తో పడుకుని ఉంది. కాళ్ళూ చేతులూ ఏమీ కదలడం లేదు. రెప్పలు మూతపడని రోగులకీ, వాటంతట అవి తెరుచుకోని రోగులకీ కళ్ళు ఎండిపోకుండా తడిపిన గాజుగుడ్డ ముక్కలు కప్పుతాం. ఆమె కళ్ళ మీద కూడా అవే ఉన్నాయి.

సానిటైజర్ రాసుకుంటున్నాను సర్, అన్నాను. గ్లోవ్స్ వేసుకుంటున్నాను సర్, అన్నాను. మానిటర్ చదివాను, వెంటిలేటర్ చదివాను, సెలైన్ బాటిళ్ళ మీద రాసి ఉన్నవన్నీ చదివాను. చదవడానికి దొరికినవన్నీ చదివి, ముట్టుకోవాల్సిన మనిషిని వదిలేశాను. టైము అయిపోవస్తోంది. కళ్ళ సంగతి నాకు ముందే తెలుసు కదా. గుడ్డ ఎత్తకుండానే, "కంటిపాపలు రెండూ సూదిమొనంత ఉన్నాయి సర్," అని చెప్పేశాను.

పెద్దాయన ముందుకి వచ్చి గాజుగుడ్డ తీసి, రెప్ప ఎత్తి, టార్చి వేశాడు. కంటిపాప ఇంత పెద్దదిగా, నల్లగా, లైటుకి కూడా కదలకుండా ఉంది. రెండో కన్నూ అంతే. ఇద్దరు ఎగ్జామినర్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండో ఆయన నా అవస్థ చూసి సరదా పడి, "మరి ఇప్పుడేమంటారు డాక్టర్? బ్రెయిన్ డెత్ అంటారా?" అని అడిగాడు. ఏదో ఒకటి అనాలి. "అవును సర్, బ్రెయిన్ డెత్ అయి ఉండవచ్చు," అన్నాను.

ఆమెను కరిచింది కట్లపాము. అది కరిస్తే ఒళ్ళంతా చచ్చుబడుతుంది, రెప్పలు వాలిపోతాయి, కంటిపాపలు ఒక్కోసారి పెద్దవై అలాగే ఉండిపోతాయి. చూసేవాళ్ళకి మనిషి పోయినట్టే కనబడుతుంది. లోపల మాత్రం తెలివి ఉంటుంది, చెవులు వినబడతాయి. ఇది మాకు మొదటి ఏడాదిలోనే చెప్తారు. నేను జూనియర్లకి పాఠం కూడా చెప్పాను.

నాతోపాటు పరీక్షకి కూర్చున్న ఇద్దరికీ అదే మెసేజ్ వెళ్ళింది. వాళ్ళు గుడ్డ ఎత్తి చూశారు, పాసయ్యారు. లీకుని అంతగా నమ్మేటంత మొద్దులు కారు వాళ్ళు. నేనొక్కదాన్నే తప్పాను. మా హెడ్డు నన్ను గదిలోకి పిలిచి, "ఆరు నెలల్లో మళ్ళీ కూర్చోవచ్చు. ఈసారీ తప్పితే మాత్రం నీకు ఈ డిగ్రీ మీద ఆశ వదులుకోమనే చెప్తాను," అన్నారు. బల్ల మీద ఖాళీ హల్వా డబ్బా ఉంది. అడుగున మిగిలిన జీడిపప్పు ఏరుకుంటూ అన్నారు ఆ మాట.

చోడవరం వచ్చేశాను. బస్‌స్టాండుకి దగ్గర్లో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో పనికి కుదిరాను. నాలుగు మంచాలు, రెండు వెంటిలేటర్లు, అద్దం తలుపు మీద ఎర్రక్షరాలతో ఐసీయూ అనే స్టిక్కరు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి వెళ్ళే చెరుకు ట్రాక్టర్లు హారన్ కొట్టినప్పుడల్లా ఆ తలుపు గడగడలాడేది. పగలంతా అక్కడ పని, మధ్యలో ఖాళీ దొరికితే ప్రాక్టికల్స్‌కి తయారు కావడం. పరీక్ష మీద అసహ్యం, నా మీద అంతకంటే అసహ్యం. అయినా పాసవ్వాలి. పదమూడేళ్ళు చదివి చివరి మెట్టు మీద బోర్లా పడ్డ మనిషిగా నేను ఆ ఊళ్ళో తిరగలేను. కూరగాయల కొట్టు దగ్గర కూడా, "ఏటి డాక్టరమ్మా, వైజాగ్ చదువు అయిపోనాదా?" అని అడిగేవారు. అయిపోవస్తోంది అని చెప్పి ఇంకో అర కేజీ బెండకాయలు ఎక్కువ కొనేదాన్ని.

ఆన్‌లైన్‌లో ఒక కోచింగ్‌లో చేరాను. అక్కడొక సారు. ఆయన రోగిని చూడడం మానేసి చాలా ఏళ్ళయిందని నా అనుమానం, ఎందుకంటే రోజంతా కెమెరా ముందే ఉండేవాడు. ఆయన సిద్ధాంతం ఒకటే. మీరు చేసింది ముఖ్యం కాదు, చేశానని పైకి చెప్పడం ముఖ్యం. ఎగ్జామినర్ చెవిలో పడితే మార్కు, పడకపోతే సున్నా. రోగి బంధువులకి చెడువార్త చెప్పే ఘట్టం ఒకటి కూడా పరీక్షలో ఉంటుంది. దానికి ఆయన దగ్గర వంటల పుస్తకంలాంటి విధానం ఉంది. ముందు మీ పేరు చెప్పండి. వాళ్ళకి ఇప్పటివరకు ఏం తెలుసో అడగండి. వార్త చెప్పండి. లోపల పది లెక్కపెట్టుకుంటూ మౌనంగా ఉండండి. టిష్యూ పేపర్ డబ్బా అర అడుగు ముందుకి జరపండి. అర అడుగే, మొత్తం జరిపితే అతి అవుతుందట.

ఒకరోజు మధ్యాహ్నం మా అమ్మ బీరకాయలు చెక్కు తీస్తుంటే ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"అమ్మా, నేను ఐసీయూ డాక్టర్ని. మీవారి గురించి మీకు ఇప్పటివరకు ఏం తెలుసో చెప్తారా?"

"నాకేటి తెలుసే? మీ నాన్న బజారుకెళ్ళేరు. నువ్వు పరీక్ష తప్పేవు. అంతే తెలుసు."

"అది కాదమ్మా. నాన్నకి బాగాలేదు అనుకో."

"ఎందుకనుకోవాలే? నోరు మంచిది కాదేటి నీకు?"

నేను వార్త చెప్పి పది లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నాలుగు దగ్గరికి వచ్చేసరికి అమ్మ పీట మీద నుంచి తలెత్తి చూసింది. "ఏటే, ఊరుకున్నావు? పాఠం మర్చిపోయేవా?" అంది. టిష్యూ డబ్బా అర అడుగు జరిపాను. "నాకు జలుబు లేదు గానీ, ఆ కత్తిపీట ఇలా జరుపు," అంది. ఆ వీడియో సారుకి పంపించాను. మౌనం బాగుందని, బంధువు సహకరించలేదని రాశాడు.

నర్సింగ్ హోమ్‌లో ఒక పెద్ద సిస్టర్ ఉండేవారు. దేవరాపల్లి ఆవిడ. పొద్దున్నే వచ్చి, కళ్ళు మూసుకుని నాలుగు మంచాల మధ్య నిలబడి ప్రార్థన చేసుకుని గానీ పనిలోకి దిగేవారు కాదు. నేను మంచం దగ్గరికి రాగానే చేసే మొదటి పని కేసు షీటు అందుకోవడం. ఒకరోజు ఆవిడ దాన్ని నా చేతిలోంచి తీసేసుకుని సొరుగులో పెట్టి తాళం వేసేశారు. "ముందు మనిషిని సూడండి డాక్టరమ్మా. కాయితం ఎక్కడికీ పోదు," అన్నారు. అప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఈవిడ నాకు చెప్పేదేమిటి అనుకున్నాను. తప్పిన తర్వాత కూడా పొగరు తగ్గలేదు నాకు.

ఆ వారంలోనే జరిగింది ఇది. ఒక మంచం ఖాళీగా ఉంది. నేను దాని పక్కన నిలబడి, ఖాళీ తలగడకి చెప్తున్నాను. సానిటైజర్ రాసుకుంటున్నాను సర్. గ్లోవ్స్ వేసుకుంటున్నాను సర్. తెర అవతల పెద్ద సిస్టర్ ఎవరికో కాలి పుండుకి కట్టు కడుతున్నారు. ఉన్నట్టుండి తెర జరిగింది. నలభై ఐదేళ్ళ ఆడమనిషి, వెలిసిన చీర, చేతుల నిండా చెరుకాకు గీతలు. నన్ను ఎగాదిగా చూసింది.

"మీరు పెద్దాసుపత్రిలో హల్వా డాక్టరమ్మ కదేటి?" అంది.

నాకు అర్థం కాలేదు. ఏ హల్వా, ఏ ఆసుపత్రి అని అడిగాను.

"నాకీ గొంతు ఎరికేనమ్మా. సానిటైజర్ రాసుకుంటన్నాను సార్ అన్నారు కదా. ఆయనెవరో హల్వా బాగుంది అన్నాడు. కిసకిసా నవ్వేరు మీరు. నాను నాలుగో మంచం మీదున్నాను."

ఆమెది రావికమతం దగ్గర ఊరు. నేల మీద చాప వేసుకుని పడుకుంటే కట్లపాము కరిచింది. పన్నెండు రోజులు వెంటిలేటర్ మీద ఉండి, లేచి, ఇంటికి వచ్చి, మళ్ళీ చెరుకు పనిలోకి వెళ్ళిపోయింది. ఇప్పుడు మొగుడి పాదం మీద కత్తి పడితే కట్టు కట్టించడానికి తీసుకొచ్చింది. బతికినందుకు నాకు సంతోషం కలిగిందని రాయాలని ఉంది. ముందు కలిగింది భయం. ఈమె నోరు విప్పితే పెద్ద సిస్టర్ దగ్గర నా పరువు పోతుందని.

ఆమె నోరు విప్పనే విప్పింది.

"ముగ్గురొచ్చేరు ఆ రోజు. మొదలొచ్చినాయన కనుబొమ్మ మీద బొటనేలెట్టి నొక్కితే పేనం పోయినంత పనైనాది. అరుద్దామంటే పలుకేది? రెండో ఆవిడ కాలేళ్ళు మెలేసినాది. మీరొచ్చి ముట్టుకోనేదు. అమ్మయ్య, ఈయమ్మ మంచిదనుకున్నాను." ఆగి, మొగుడి వైపు చూసి, మళ్ళీ నా వైపు తిరిగింది. "తర్వాత ఆ పెద్దాయన గుడ్డ తీసి రెప్పెత్తేడు. అప్పుడు కనబడ్డారు మీరు. నోరెళ్ళబెట్టుకుని నిలబడ్డారు. ఇంకో ఆయన ఏదో అడిగితే, డెత్ అన్నారు."

"అది పరీక్షమ్మా," అన్నాను. "నిజంగా అన్నది కాదు. అడిగితే జవాబు చెప్పాను, అంతే."

"నాకెవలు సెప్పేరమ్మా అది పరీచ్చని? నాకు మీ ఇంగిలీసు రాదు గానీ ఆ ఒక్క ముక్కా వచ్చు. మా అత్త పోయినప్పుడు డెత్ సర్టిఫికెట్ కోసం మూడుసార్లు తిరిగేను." ఆమె గొంతు పెంచలేదు. "సాయంత్రం దాకా నా సావు కోసం సూసుకున్నాను. ఈయన వచ్చి కాలట్టుకుని ఏడిస్తే, అయితే నిజమేనన్నమాట అనుకున్నాను. గేదె ఈనే రోజులు, దానికెవలు సూస్తారా అని అదొక్కటే బెంగ."

పెద్ద సిస్టర్ కట్టు కట్టడం ఆపేశారు. నేను క్షమించమని అడిగానా లేదా అన్నది నాకు నిజంగా గుర్తు లేదు. తల కొట్టేసినట్టయింది మాత్రం గుర్తుంది. ఇన్నాళ్ళూ నేను ఎగ్జామినర్లని, ప్రొఫెసర్లని, కోచింగ్ సారుని, హల్వాని, అందరినీ అన్నింటినీ ఈసడించుకుంటూ బతికాను. ఆ మంచం మీద ఒక మనిషి ఉందని నాకు తట్టనే లేదు. ఆమె నాకు కేసు. తప్పిన కేసు.

ఇక్కడితో ఆగి ఉంటే కొంచెం మర్యాదగా ఉండేది. కానీ నాకు పరీక్ష ఇంకా నెలన్నర ఉంది. మొగుడి కట్టు కోసం ఆమె రోజు విడిచి రోజు వస్తోంది. మూడోసారి వచ్చినప్పుడు అడిగేశాను. ఆయనకి కట్టు కట్టేలోపు ఆ ఖాళీ మంచం మీద కదలకుండా పడుకుంటారా, నేను మిమ్మల్ని పరీక్ష చేస్తాను, ఎలా ఉందో చెప్తారా అని.

పకపకా నవ్వింది. "ఆ రోజు పడుకుంటే పాము కరిచినాది. ఇప్పుడు పడుకుంటే ఏటి కరుస్తాదో," అంటూ చెప్పులు విడిచి మంచం ఎక్కింది.

ఆమెంత కఠినమైన ఎగ్జామినరు నాకు ఎక్కడా తగల్లేదు. కళ్ళు మూసుకుని పడుకునేది. నేను మొదలుపెట్టగానే తిట్టడం మొదలుపెట్టేది. "సేతులు సల్లగున్నాయి, రుద్దుకుని రండి." "ఎవలో తెలీకుండా కాలట్టుకుంటే గుండె ఆగిపోద్ది. ముందు మీరెవలో సెప్పండి." "ఆ గోడతోటి మాటాడతారేటి? నాతోటి మాటాడండి." "నొక్కే ముందు నొక్కుతానని ఒక ముక్క సెప్తే మీ సొమ్మేం పోద్ది?" "లైటేసేటప్పుడు సెప్పండి. సీకట్లో ఉన్నోళ్ళకి అది నిప్పెట్టినట్టుంటాది." పెద్ద సిస్టర్ తెర అవతల నుంచి నవ్వేవారు. కాలి కట్టుతో మొగుడు కూడా నవ్వేవాడు. వీళ్ళ ముందు చిన్నబోవడం నాకు మొదట్లో కంపరంగా ఉండేది. రానురాను అలవాటైంది. నాలుగు వారాలకి నా చేతులు నా నోటి కంటే ముందు నడవడం మొదలుపెట్టాయి.

ఆమె చెప్పినవన్నీ ఇంటికి వెళ్ళి నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసి. కొన్నింటి కింద ఎర్ర పెన్నుతో గీత. అవి మార్కులు తెచ్చిపెట్టేవి. కోచింగ్ సారుకి వీడియో పంపితే ఈసారి పొగిడాడు. రోగితో మాట్లాడడం చాలా కొత్తగా ఉంది, ఎగ్జామినర్లు పడిపోతారు, వదలకండి అన్నాడు. నాకూ అదే అనిపించింది.

రెండోసారి పరీక్ష అదే ఐసీయూలో జరిగింది. ఎగ్జామినర్లు మాత్రం వేరేవాళ్ళు. ఈసారి హల్వా తెచ్చే బాధ్యత ఇంకెవరికో ఇచ్చారు, నా చేతి చలవ మీద నమ్మకం పోయి ఉంటుంది. సబ్బవరం దాటేసరికి బస్సులో నా ఫోన్ మోగింది. జూనియర్ల మెసేజ్. తెరవలేదని రాస్తే నాకెంతో బాగుంటుంది. తెరిచాను. రెండో బెడ్, మగమనిషి, తలలో రక్తస్రావం. రెండుసార్లు చదివి ఫోన్ సంచిలో పెట్టాను. ఈసారి చూసి కూడా నమ్మకూడదనుకున్నాను. నా నిజాయితీ అంతవరకే ఎదిగింది.

రెండో బెడ్ మీద అరవై ఏళ్ళాయన. వెంటిలేటర్, కళ్ళ మీద తడి గుడ్డ. ఎగ్జామినర్లు ఇద్దరూ పక్కన నిలబడి తమ రైలు టికెట్ల గురించి మాట్లాడుకుంటున్నారు. నేను చేతులు రుద్దుకుని వెచ్చచేసుకున్నాను. వంగి ఆయన చెవి దగ్గర తెలుగులో నా పేరు చెప్పాను. డాక్టర్నని చెప్పాను. "బాబూ, మీ కళ్ళ మీద గుడ్డ తీస్తాను. లైటు వేస్తాను, కొంచెం చురుక్కుమంటుంది," అన్నాను. రైలు టికెట్ల మాటలు ఆగిపోయాయి. గుడ్డ తీశాను, రెప్ప ఎత్తాను, చూశాను. ఒక కంటిపాప పెద్దది, ఒకటి చిన్నది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నొక్కే ముందు నొక్కుతానని చెప్పి నొక్కాను. కుడి చెయ్యి కదిలింది, ఎడమది కదలలేదు. లీకు నిజమే. కానీ ఈసారి నేను చెప్పినదంతా నా కళ్ళతో చూసిందే. నాకు గర్వంగా అనిపించింది, అబద్ధం ఎందుకు.

చిన్న ఎగ్జామినరు పెద్దాయనతో మెల్లగా ఏదో అన్నాడు. పెద్దాయన కాగితం మీద మార్కులు వేస్తూ, "రోగితో మాట్లాడడం చాలా బాగుంది డాక్టర్. ఇది మేం ఎక్కడా చూడలేదు. కోచింగ్ ఎక్కడ తీసుకున్నారు?" అని అడిగాడు.

"రావికమతంలో సర్," అన్నాను.

"కొత్త ఇన్‌స్టిట్యూటా?"

"చిన్నది సర్," అన్నాను. ఆయన తల ఊపాడు. నేను బల్లల దగ్గరికి వెళ్ళిపోయాను. గొట్టం ఎత్తి చూపిస్తే గొట్టం అన్నాను. బంధువు వేషం వేసిన స్టాఫ్ నర్సు ముందు పది లెక్కపెట్టాను, టిష్యూ డబ్బా అర అడుగు జరిపాను. సాయంత్రానికి పాస్ అన్నారు. మా హెడ్డు షేక్‌హ్యాండ్ ఇచ్చి, నువ్వు పాసవుతావని నాకు ముందే తెలుసు అన్నారు. ఆయనకి అన్నీ ముందే తెలుస్తాయి.

రెండు రోజుల తర్వాత స్కూటీ వేసుకుని రావికమతం వైపు వెళ్ళాను. ఆమె ఊరి బయట చేలో ఉంది. గాలికి పడిపోకుండా నాలుగైదు చెరుకు గడల ఆకుల్ని కలిపి మెలేసి జడ చుట్టే పని. ఆడవాళ్ళు వరసగా చేసుకుంటూ పోతున్నారు. నన్ను చూసి గట్టు మీదికి వచ్చింది. పాసయ్యానని చెప్పాను. నిజంగా సంతోషించింది. నా చెయ్యి పట్టుకుని పక్కవాళ్ళందరికీ వినబడేలా, "మా డాక్టరమ్మ, నా దగ్గరే నేర్సుకున్నాది," అని కేక వేసింది. నేను ఉత్సాహంగా మొత్తం చెప్పాను. చేతులు ఎలా వెచ్చచేసుకున్నానో, చెవి దగ్గర ఏం చెప్పానో, గుడ్డ ఎలా తీశానో. ఎగ్జామినరు కోచింగ్ ఎక్కడ అని అడిగితే నేనేం జవాబు చెప్పానో కూడా చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

నవ్వు అయ్యాక, "ఆయనకెలగుందమ్మా?" అంది.

"ఎవరికి?"

"పడుకున్నాయనకి. రెప్పలెత్తి సూసేరన్నారు కదా."

నాకు తెలియదు. పరీక్ష అయ్యాక నేను ఆ మంచం వైపు వెళ్ళలేదు. ఫలితం కోసం మేమందరం కూర్చున్న గదికీ, ఆయన ఉన్న ఐసీయూకీ మధ్య ఒక్క తలుపే అడ్డం. మూడు గంటలు కూర్చున్నాను. టీ తాగాను. ఎవరి హల్వా బాగుందో మాట్లాడాను.

"తెలీదమ్మా," అన్నాను.

"పేరేటి ఆయనది?"

నా పేరు ఆయనకి చెప్పాను. ఆయన పేరు అడగలేదు. మంచం తలాపున అట్ట మీద రాసే ఉంటుంది, చదివినట్టు గుర్తు లేదు. ఆమె నా జవాబు కోసం కాసేపు నిలబడింది. నేను ఊరుకున్నాను. ఈసారి లోపల ఏమీ లెక్కపెట్టలేదు.

ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని చేలోకి దిగింది. తన వరసలో ఆగిన చోట గడలు దగ్గరికి లాక్కుని ఆకులు మెలేస్తూ, నా వైపు తిరగకుండానే అంది.

"పాసైపోనారు కదమ్మా. మరింకెల్లండి."